మ్రానైన పిమ్మట

వేదపాఠము

చదువవలసిన భాగములు: మార్కు 6:1-6, యెహోషువ 14:6-14, 1 కొరింథీయులకు 9:24-27, ఫిలిప్పీయులకు 3:12-14.



"మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెతను మనలో వినని వారుండరు. పిల్లలను చిన్నతనమునుండియే క్రమములో పెంచవలెనని హెచ్చరించుటకు ఆ మాట మంచిదే. కాని నలుబదియేండ్లు దాటినవాని మీద దానిని మోపినప్పుడు అది హెచ్చరికగా నుండక తీర్పుగా మారును. నీకు కాలము మించిపోయినది, ఇక నీవు నేర్చుకొనజాలవు అని చెప్పినట్లగును.

ఈ తప్పు మేమును చేసితిమి. యాబదియేండ్లు దాటిన పిమ్మట ప్రభువు నెరిగిన ఒక పనివాడు ఆదివార బడిలో పిల్లలకు పాఠము చెప్పుట నేర్చుకొందునని మమ్మును అడిగెను. "ఈ వయస్సులో మీకెందుకండీ ఈ శ్రమ, పడుచువారున్నారు గదా" అని మేము నవ్వి పంపివేసితిమి. ఆయన మరల అడుగలేదు. అప్పుడు మేము ఆయనకు మేలు చేసితిమనియే తలంచితిమి. ఈ నెల పాఠము మొదట మమ్మును గద్దించినది. అటు తరువాతనే మీ యెదుట పెట్టుచున్నాము.

ఈ పాఠమునకు దృష్టాంతముగా ఇంగ్లండు దేశపు వడ్రంగి యొకని చరిత్రను తీసికొనుచున్నాము. ఆయన పేరు జాన్ లో. ఆయన పేరుగాంచినది డార్ట్స్ అను ఆటలో. ఆ ఆట మనలో అనేకులకు తెలియదు గనుక ముందు దానిని గూర్చి కొంచెము చెప్పెదము.

1. ఆట ఎట్టిది?

గోడకు తగిలించిన గుండ్రని పలక మీదికి చేతితో చిన్న బాణములను విసరుటయే డార్ట్స్ ఆట. ఒక్కొక్క బాణమును డార్టు అందురు. పలక నడిబొడ్డు నేలనుండి 1.73 మీటర్ల ఎత్తున నుండును. ఆటగాడు పలకకు 2.37 మీటర్ల దూరమున గీత వెనుక నిలిచి విసరవలెను. పలక 20 భాగములుగా విభజింపబడి యుండును. ప్రతి భాగములోను ఒక సన్నని గడి మూడింతలుగా లెక్కకు వచ్చును. అంచుననున్న మరియొక సన్నని గడి రెండింతలుగా లెక్కకు వచ్చును. అన్నిటికంటె ఎక్కువ విలువ గలది 20వ భాగములోని మూడింతల గడి. అందు పడిన డార్టునకు 60 వచ్చును. అయితే ఆ 20వ భాగమునకు ఒక ప్రక్కన 5, మరియొక ప్రక్కన 1 ఉన్నవి. గొప్పదానికి గురిపెట్టి కొంచెము తప్పినవాడు మిక్కిలి అల్పమైన దానిని పొందును.

పెద్ద పోటీలలో ప్రతి ఆటగాడును 501తో మొదలుపెట్టును. వరుసకు మూడేసి డార్టులు విసరి, వచ్చిన లెక్కను తగ్గించుకొనుచు, సరిగా సున్నకు రావలెను. చివరి డార్టు రెండింతల గడిలో గాని, రెండింతలుగా లెక్కింపబడు నడిబొడ్డున గాని పడితేనే ఆట ముగియును. మిగిలిన లెక్కకు మించి కొట్టినవాని ఆ వరుస అంతయు చెల్లక, లెక్క మొదటి స్థితికి పోవును. కాబట్టి బాగుగా మొదలుపెట్టుట చాలదు, సరిగా ముగింపవలెను.

2. ఆ వడ్రంగి ఎవరు?

జాన్ లో 1945వ సంవత్సరము జూలై 21న డెర్బీషైర్ ప్రాంతములోని న్యూ టప్టన్ అను ఊరిలో పుట్టెను. వృత్తిచేత ఆయన వడ్రంగి. డార్టును ఆయన మొదటిసారి చేతపట్టినది 21వ యేట. చిన్ననాటినుండియే పలక యెదుట నిలిచినవారితో పోల్చగా అది ఆలస్యమే. అంతవరకు ఆయన చేయి ఎరిగినది వడ్రంగి పనిముట్లనే.

1978లో మొట్టమొదటి ప్రపంచ పోటీ జరిగినప్పుడు ఆయన అంతిమ ఆటవరకు వచ్చి, వేల్స్ దేశస్థుడైన లైటన్ రీస్ చేతిలో ఓడిపోయెను. మరుసటి యేట, తన 33వ యేట, అదే రీస్‌ను 5-0 లెక్కన ఓడించి ప్రపంచ విజేత యాయెను. 1984వ సంవత్సరము అక్టోబరు 13న ఆయన చేసిన కార్యమును నేటికిని చెప్పుకొందురు. 501ని ముగించుటకు తొమ్మిది డార్టులకు తక్కువ చాలవు. ఆ తొమ్మిదింటిలో ఒక్కటియు తప్పక ముగించుట టెలివిజన్ ముందర అంతవరకు ఎవరివలనను కాలేదు. ఆ దినమున ఆయన మొదటి ఆరు డార్టులను 20వ భాగపు మూడింతల గడిలోనే నాటెను. మిగిలినది 141. ఏడవ డార్టుతో 51, ఎనిమిదవ దానితో 54, తొమ్మిదవ దానితో 36 కొట్టి సున్నకు వచ్చెను. అందుకు 1,02,000 పౌనుల బహుమానము లభించెను. అప్పుడాయన వయస్సు 39.

అయితే మరుసటి జనవరిలో జరిగిన ప్రపంచ పోటీ అంతిమ ఆటలో అదే మనుష్యుడు ఎరిక్ బ్రిస్టో చేతిలో ఓడిపోయెను. 1987లో బ్రిస్టోను ఓడించి రెండవసారి విజేత యాయెను. మరుసటి యేట బాబ్ ఆండర్సన్ చేతిలో ఓడిపోయెను. ఇక ఆయన దినములు తీరినవని అనుకొనుటకు ఎవరికైనను కారణముండెను. కాని 1993లో, తన 47వ యేట, అలన్ వారినర్‌ను 6-3 లెక్కన ఓడించి మూడవసారి విజేత యాయెను. మూడు వేర్వేరు దశాబ్దములలో ప్రపంచ విజేతయైన మొదటివాడు ఆయనయే. మొత్తముమీద ఎనిమిదిసార్లు అంతిమ ఆటవరకు వచ్చి, మూడుసార్లు గెలిచి, అయిదుసార్లు ఓడిపోయెను. గెలిచినను ఓడినను ముఖము మారదు గనుక ఆయనకు రాతిముఖమువాడని పేరు వచ్చెను.

3. ఈ ఆట మనకు దృష్టాంతమగునా?

ఇక్కడ కొందరు చదువరులు ఒక ప్రశ్న వేయుదురు; అది న్యాయమైన ప్రశ్నయే. ఇది పానశాలలలో పెరిగిన ఆట. ఆ దినములలో ప్రపంచ పోటీకి ధనమిచ్చినది సిగరెట్ల కంపెనీ. అట్టిదానిని సంఘ పత్రికలో చెప్పుట తగునా?

మేము పానశాలను పొగడుటలేదు, పొగాకును పొగడుటలేదు. కాని పౌలు ఏమి చేసెనో చూడుడి. కొరింథు చెంత రెండేండ్ల కొకసారి జరిగిన పందెములు పొసీడను అను దేవత పేరట జరుగుచుండెను. అక్కడి విజేతకు దొరికినది వాడిపోవు ఆకుల కిరీటము. పౌలు ఆ దేవతను అంగీకరింపలేదు. అయినను పందెగాని మితానుభవమును, అతడు తన శరీరమును లోబరచుకొను విధమును చూపి, వాడిపోవు కిరీటము కొరకే వారింత పాటుపడగా వాడిపోని దానికొరకు మనమెంత పాటుపడవలెనని కొరింథీయులను అడిగెను. ఆ అపొస్తలుని మాదిరినిబట్టియే మేమును ఈ వడ్రంగిని చూపుచున్నాము.

4. మూడు పాఠములు

మొదటి పాఠము: దాగియున్న సంవత్సరములు వ్యర్థము కావు.

సామెత మొక్కను గూర్చియు మానును గూర్చియు చెప్పుచున్నది. కాని వడ్రంగిని అడిగి చూడుడి. అతడు మొక్కతో ద్వారబంధము చేయడు. మొక్క అతనికి పనికిరాదు. చెట్టు మ్రానై, నరకబడి, కోయబడి, పచ్చి ఆరినవరకు నీడలో ఉంచబడవలెను. పచ్చి కఱ్ఱతో చేసిన తలుపు ఒక వేసవికే వంకరపోవును. చేవ గలిగి ఆరిన కఱ్ఱయే నిలుచును. మొక్కను వంచువాడు తోటమాలి. మ్రానును మలచువాడు వడ్రంగి. మన దేవుడు తోటమాలి మాత్రమేనా? ఆయన వడ్రంగియు కాడా?

కాలేబును తలంచుకొనుడి. కాదేషు బర్నేయనుండి దేశమును వేగుచూచుటకు పంపబడినప్పుడు అతనికి 40 ఏండ్లు. వాగ్దానము చేయబడిన హెబ్రోను అతని చేతికి వచ్చినప్పుడు 85 ఏండ్లు. నడుమనున్న 45 ఏండ్లలో అతడు అవిశ్వాసులైన జనులతోకూడ అరణ్యములో తిరుగవలసివచ్చెను. తప్పు వారిది, ఆలస్యము అతనిది కూడ. అయినను ఆ యేండ్లు అతనిని చేదుగా చేయలేదు. 85వ యేట అతడు అడిగినది విశ్రాంతి కాదు. అనాకీయులు కాపురమున్న కొండ ప్రదేశమును అడిగెను.

రెండవ పాఠము: గురి తప్పినవాడు గురిని విడువకూడదు.

క్రొత్త నిబంధనలో పాపమునకు వాడబడిన గ్రీకు మాట హమార్తియా. గురి తప్పుట అనునది ఆ మాటకు మూలార్థము. హెబ్రీ భాషలోను అట్లే. న్యాయాధిపతులు 20:16లో ఎడమచేతి వాటముగల ఏడువందలమంది వడిసెలవారిని గూర్చి చదువుదుము. వెంట్రుకను గురిపెట్టినను వారు తప్పనివారట. అక్కడ తప్పుట అను క్రియ, పాపము చేయుట అని ఇతర స్థలములలో వాడబడిన క్రియయే. పాపమనగా మనము సాధారణముగా ఘోరమైన నేరములనే తలంతుము. కాని 20కి గురిపెట్టి 1లో పడిన డార్టును చూడుడి. అది పలకను దాటిపోలేదు, అంగుళము మాత్రమే తప్పినది. మన తప్పులలో అనేకము ఇట్టివే: మేలు చేయబోయి అహంకారములో పడుట, సత్యము చెప్పబోయి ప్రేమను తప్పుట. ఆ పనివానితో మేము పలికిన మాటయు ఇట్టిదే. దయకు గురిపెట్టితిమి, అవమానములో పడితిమి.

అయితే తప్పిన డార్టును తలంచుచు నిలిచిపోవువాడు తరువాతి డార్టునుకూడ తప్పును. ఎనిమిది అంతిమ ఆటలలో అయిదు ఓడిన మనుష్యుడు ఆరవసారి రానని అనియుండిన యెడల 1993 ఉండెడిది కాదు. తొమ్మిది డార్టుల మహిమయు అట్టిదే. అంత గొప్ప కార్యమును ఒక చిన్న ఆటగానే లెక్కింతురు. తరువాతి దానిలో లెక్క మరల 501నుండియే మొదలగును. నిన్నటి ఓటమివలె నిన్నటి విజయమునుకూడ దాటిపోవలెను. ఫిలిప్పీయులకు వ్రాయుచు పౌలు వెనుకనున్న వాటిని మరచి ముందున్న వాటికొరకు వేగిరపడుచు గురి యొద్దకు పరుగెత్తుచున్నానని చెప్పినప్పుడు, తాను సంఘమును హింసించిన పాపమును మాత్రమే కాదు, లాభకరములని యెంచుకొనిన తన నీతిక్రియలనుకూడ వెనుక విడిచెను.

మూడవ పాఠము: ముగింపు నిశితమైనది.

వందలకొలది లెక్కను వేగముగా తగ్గించినవాడు చివరి సన్నని గడి యెదుట చేయి వణకి నిలిచిపోవుట ఈ ఆటలో తరచుగా కనబడును. ఎదుటివాడు నెమ్మదిగా వచ్చి ఆ గడిని కొట్టి గెలుచును. విశ్వాస జీవితములోను ఆరంభపు ఉత్సాహము అనేకులకున్నది. సౌలు రాజునకు ఎంత మంచి ఆరంభము! దేమా పౌలునకు తోడి పనివాడు. తుదకు ఇహలోకమును స్నేహించి అతనిని విడిచిపోయెను. అదే అధ్యాయములో పౌలు తన పరుగు కడముట్టించితినని వ్రాసెను. ఈ రెండు సంగతులు 2 తిమోతి 4లో కొలది వచనముల దూరములో నున్నవి, చదివి చూడుడి.

రెండవ సాక్షిగా మరియొకని మాట క్లుప్తముగా చెప్పెదము. స్కాట్లాండువాడైన పీటర్ రైట్ 1995లో ప్రపంచ పోటీకి వచ్చి మొదటి ఆటలోనే ఓడి, కొంతకాలమునకు పెద్ద పోటీలను విడిచిపెట్టెను. ఏండ్లు గడచిన తరువాత మరల వచ్చెను. 2014లో అంతిమ ఆటలో మైకేల్ వాన్ గెర్వెన్ చేతిలో ఓడిపోయెను. 2020 జనవరి 1న, తన 49వ యేట, అదే వాన్ గెర్వెన్‌ను 7-3 లెక్కన ఓడించి ప్రపంచ విజేత యాయెను. మొదటి ఓటమికిని ఈ గెలుపునకును నడుమ ఇరువదియైదు సంవత్సరములు.

5. ఒక హెచ్చరిక

ఇంతవరకు వ్రాసి ఆపిన యెడల మేము మిమ్మును మోసపుచ్చిన వారమగుదుము. ఓర్చుకొనుము, నీకును ఒకనాడు బహుమానము వచ్చునని చెప్పుట సులువు. కాని అది సువార్త కాదు. జాన్ లో వలె పనిచేసిన వడ్రంగులు ఇంగ్లండులో వేలకొలది ఉండిరి. వారును తెల్లవారగనే లేచి, నమ్మకముగా పనిచేసి, చేతులు కాయలు కాచి, ఎవరును ఎరుగకుండ సమాధికి పోయిరి. వారి పేరులు ఏ పత్రికలోను రాలేదు. వారి జీవితములు వ్యర్థమా? మన సంఘములోని వడ్రంగి, దర్జీ, తాపీ మేస్త్రి, ఆలస్యముగానైనను పేరు రానియెడల దేవుడు వారిని మరచెనని చెప్పుదుమా?

నజరేతునకు వెళ్లి చూతము. మార్కు 6:3లో ఊరివారు యేసును చూచి, ఇతడు వడ్లవాడు కాడా అని తృణీకరించిరి. నిన్నటివరకు మన వాకిట కొయ్యపని చేసినవాడు నేడు బోధకుడెట్లాయెనని వారికి అభ్యంతరము కలిగెను. లూకా 3:23 ప్రకారము ఆయన బోధింప మొదలుపెట్టినప్పుడు సుమారు ముప్పది యేండ్లవాడు. ఆ ముప్పది యేండ్లలో, పండ్రెండవ యేట దేవాలయములో జరిగిన సంగతి తప్ప, ఆయన బాల్యము దాటిన తరువాతి దినములను గూర్చి సువార్తలు దాదాపు ఏమియు చెప్పుటలేదు.

ఇప్పుడు మార్కు 1:11 చదువుడి. బాప్తిస్మమప్పుడు పరలోకమునుండి వచ్చిన స్వరము, ఈయన తనకు ప్రియమైన కుమారుడనియు, ఈయనయందు తాను ఆనందించుచున్నాననియు పలికెను. అది ఎప్పుడు పలుకబడినది? అప్పటికి ఆయన ఒక్క కుష్ఠరోగినైనను శుద్ధునిగా చేయలేదు. కొండమీది ప్రసంగము చేయలేదు. అయిదువేలమందికి ఆహారము పెట్టలేదు. ఆయన వెనుకనున్నది నజరేతులోని పనిబల్లయే. తండ్రి ఆనందము అద్భుతముల కొరకు కనిపెట్టుకొని యుండలేదు. బాడిసె పట్టిన కుమారునియందును ఆయన ఆనందించెను.

మన పాఠమంతయు ఇందులో నున్నది. లోకము పలక యెదుట దీపములు వెలిగినప్పుడు మాత్రమే చప్పట్లు కొట్టును. దేవుడు పనిబల్ల యొద్దనే చూచును. నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుని ఆత్మతో నింపబడెనని చెప్పబడిన బెసలేలు ప్రవక్త కాడు, రాజు కాడు. లోహమును రాతిని కొయ్యను చెక్కు పనివాడు. కాబట్టి ఆలస్యముగా పిలువబడినవాడు సిగ్గుపడనక్కరలేదు; ఎన్నడును వేదిక మీదికి పిలువబడనివాడును సిగ్గుపడనక్కరలేదు. తలుపు సరిగా మూసికొనునట్లు చిత్రిక పట్టినవాడు ఆ దినమున తన గురిని కొట్టినట్లే.

6. మన సంఘమునకు

ఈ పాఠము వ్రాయుటకు ముందు మేము ఆ పెద్దవాని యింటికి వెళ్లి, ఆనాడు పలికిన మాటకు క్షమాపణ అడిగితిమి. ఆయన కొంతసేపు ఏమియు పలుకలేదు. "అప్పుడే రమ్మనియుంటే బాగుండెడిదండీ. ఇప్పుడు చూపు మందగించినది" అనెను. ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయెను. మేము పోగొట్టిన యేండ్లను మేము తిరిగి ఇయ్యజాలము, ఇయ్యగలవాడు ప్రభువే. మేము లేచుచుండగా ఆయన, వచ్చు ఆదివారము పిల్లల తరగతిలో వెనుక కూర్చుండి విందునని చెప్పెను.

మీ సంఘములోను ఇట్టివారుందురు. ఎవరో ఒకరు నవ్వినందున అడుగుట మానినవారు వెనుక వరుసలలో కూర్చుండి యుందురు. ఈ నెలలో ఒక్కరినైనను వెదకి, మీరే ముందుగా అడుగుడి. వారు మ్రానైనవారే, అందుచేతనే వారిలో చేవ యున్నది.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. 45 ఏండ్లు ఇతరుల తప్పువలన ఆలస్యమైనను కాలేబు చేదుపడకుండుటకు కారణమేమి? యెహోషువ 14:8, 9 చూడుడి.

2. మేలునకే గురిపెట్టి మీరు తప్పిన సందర్భమొకటి తలంచుకొనుడి. దానిని సరిచేయుటకు ఎవరి యింటికి వెళ్లవలసియున్నది?

3. మీరు మరచిపోవలసినది పాత ఓటమియా, లేక పాత విజయమా?

4. మీ దినదినపు పనిని దేవుడు చూచుచున్నాడని నిజముగా నమ్మిన యెడల, రేపు ఏ పనిని వేరు విధముగా చేయుదురు?

ప్రార్థన

నజరేతులో కొయ్యపని చేసిన ప్రభువా, నీవు ఎరిగిన పనినే మేమును చేయుచున్నాము. ఆలస్యమైనదని క్రుంగినవారిని లేవనెత్తుము. త్వరగా తీర్పు తీర్చిన మా నోళ్లను క్షమించుము. గురి తప్పిన మా చేతులను మరల నీవే పట్టుకొని, కడవరకు స్థిరపరచుము. ఎవరును చూడని చోట నీవు చూచుచున్నావను సంతోషమును మాకు దయచేయుము. ఆమెన్.